కలరా ఉండ - ట్రాన్సిస్టరు

బట్టల పెట్టెలో పురుగు పట్టకుండ వేయు కలరా ఉండలను మీ రెరుగుదురు. నాఫ్తలీను అను కర్బన పదార్థముతో వానిని చేయుట పరిపాటి. ఆ జాతి పదార్థములతో ట్రాన్సిస్టరు చేయవచ్చునని మేము చెప్పినచో నవ్వుదురేమో! కాని యది పరిహాసము కాదు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జన్మించిన మొదటి ట్రాన్సిస్టరునకు ఆధారము జెర్మేనియము. పిమ్మట సిలికాను వచ్చెను. సిలికానును పలుచని పొరగా పరచుటకు అధికమైన వేడి కావలెను. ఆ వేడికి సామాన్యమైన ప్లాస్టిక్ రేకు నిలువదు. చాపవలె చుట్టదగిన తెర కావలెనన్నచో, సిరావలె పూయదగిన అర్ధవాహకము కావలెను. శాస్త్రజ్ఞులు కర్బన అణువులను ఆశ్రయించుటకు కారణ మిదియే.

1986లో జపానులోని మిత్సుబిషి సంస్థకు చెందిన సుమురా, కోయెజుకా, ఆండో అనువారు పాలీథయోఫీను పొరతో ట్రాన్సిస్టరు నిర్మించిరి. అది పనిచేసెను గాని, అందు విద్యుత్తుది నత్తనడక. ఏలయన, కర్బన పదార్థములలో విద్యుదావేశము ఒక అణువు నుండి మరియొక అణువునకు దుమికి పోవలెను. అణువులు దగ్గరగా, క్రమముగా అమరియున్నప్పుడే ఆ ప్రయాణము సులభమగును.

నాఫ్తలీనులో రెండు బెంజీను వలయములు కలిసియున్నవి. అటువంటివి ఐదు వరుసగా కలిసినచో పెంటసీను. దాని పొరలో విద్యుత్తు, తెరలలో వాడు స్ఫటికరహిత సిలికానుతో సమానముగా నడచెను. కాని పెంటసీను ద్రావకములలో సరిగా కరగదు. గాలికి, వెలుతురునకు చెడిపోవును. 2001లో కెంటకీ విశ్వవిద్యాలయమున జాన్ ఆంథొనీ బృందము దాని నడిమి వలయమునకు ఇరువైపుల రెండు కొమ్మలను తగిలించి, కరగునట్లు చేసెను. 2007లో హిరోషిమా విశ్వవిద్యాలయమున తకిమియా బృందము రెండు నాఫ్తలీను భాగముల నడుమ గంధకముగల వలయములను కూర్చి, గాలికి చెడని అణువును సృష్టించెను. చూచితిరా, మన కలరా ఉండలోని నాఫ్తలీనే మరల వచ్చినది!

నేడు అనేక చేతిఫోనుల తెరలలో వెలుగు నిచ్చునది కర్బన పదార్థమే. కాని ఆ వెలుగును అదుపుచేయు ట్రాన్సిస్టర్లు ఇప్పటికిని సిలికానుతోనో, లోహపు ఆక్సైడులతోనో చేసినవే. ఒక తెరపై లక్షలకొలది ట్రాన్సిస్టర్లు ఒకే తీరుగా, ఏండ్ల తరబడి పనిచేయవలెను. ఒక్కటి చక్కగా పనిచేసినంత మాత్రమున చాలదు. అణువునకు వేగము, కరగుగుణము, మన్నిక యను మూడును ఒక్కచోట కూర్చుటయే రసాయనజ్ఞుల ముందున్న పరీక్ష. ఒక గుణమును పెంచబోగా మరియొకటి తగ్గుట వారికి నిత్యానుభవము. అయినను వారు విసుగక క్రొత్త అణువులను అల్లుచునే యున్నారు.