జీర్ణోద్ధరణలో రాయి, సున్నం
(జీర్ణోద్ధరణ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జీర్ణోద్ధరణ అంటే పాత ఆలయాన్ని కప్పివేయడం కాదు, దాని ఆయుష్షును పొడిగించడం. ప్రకృతికి హాని చేయని నిర్మాణం కావాలని నేడు ప్రపంచమంతా కోరుతున్నది. ఆ విద్య మన పూర్వులు ఎరిగినదే. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన రామప్ప దేవాలయానికి ఇసుక పునాది, నీటిపై తేలే ఇటుకల విమానం అమర్చారు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మన పల్నాటినే చూడండి. నాగార్జునసాగర్ జలాలలో మునుగనున్న ప్రాచీన విజయపురి కట్టడాలలో కొన్నింటిని విప్పి, నాగార్జునకొండపైన, మాచర్ల సమీపాన అనుపులోను తిరిగి నిలిపారు. రాతికట్టడానికి ఆ వీలున్నది, కాంక్రీటును పగులగొట్టవలసిందే.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు జగమెరిగినవి. సున్నపురాయి కాలినపుడు విడిచిన బొగ్గుపులుసు వాయువులో చాలా భాగాన్ని సున్నపు పూత గట్టిపడుతూ తిరిగి గ్రహిస్తుంది. గోడలోని తేమను బయటకు పోనిస్తుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే బంధిస్తుంది. క్రమంగా రాయి పెచ్చులూడుతుంది.

గ్రానైటు పలకలు పరిపించాలని, స్తంభాలకు రంగులు వేయించాలని కొందరు దాతలు సంకల్పించారు. వారి భక్తికి నమస్కరిస్తూనే ఒక్కటి మనవి చేస్తున్నాను. ఆ ద్రవ్యంతో పైకప్పుకు డంగుసున్నపు గచ్చు వేయించండి. వాననీరు కోనేటికి చేరే కాలువ తీయించండి. ఆ పనిపై దాత పేరు కనిపించకపోవచ్చు. జడివానలో సైతం గర్భాలయంలో చుక్క కారకపోతే, అదే వారి దానశాసనం.

స్వస్తి.