జీతం చూశాం, తర్వాతి సంగతి చూశామా?

(పద్మనాభంలో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను యజమాని దయతో ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజు మనకు పండుగ. అయితే ఈవేళ నేను మన గురించి కాక, కంపెనీల్లో ఇంజనీర్లుగా ఉన్న మన పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన విశాఖ ఉక్కునే తీసుకోండి. ఉద్యమం చేసి సాధించుకున్న ఆ కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. బ్లాస్ట్ ఫర్నేసు పండుగకూ పబ్బానికీ ఆగదు. అందుచేత రాత్రింబవళ్లు షిఫ్టులే. ఇంట్లో పెళ్లయినా, పిల్లల పరీక్షలయినా డ్యూటీ చార్టు ప్రకారం నడవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు పెట్టి, మించిన పనికి రెట్టింపు వేతనం ఇమ్మంది. పర్యవేక్షణ హోదాలో ఉన్న ఇంజనీరుకు సాధారణంగా అది వర్తించలేదు. ఇంత పని చేసిన చోటే 2024లో జీతాలు విడతలుగా అందాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది.

ఇక పింఛను. కంపెనీ ఉద్యోగులకు 1995లో ఒక పింఛను పథకం వచ్చింది. జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతానికి 2014 సెప్టెంబరు 1 నుండి 15,000 రూపాయల పరిమితి పెట్టారు. ఎక్కువ జీతం మీద ఆప్షను దక్కినవారి సంగతి వేరు. మిగిలినవారికి లక్ష జీతం ఉన్నా, 35 ఏళ్లు లెక్కకు వచ్చినా, ఆ పరిమితి మీద తేలేది 7,500 రూపాయలే. దానికి కరువు భత్యం కూడా లేదు. గుమాస్తాలుగా దిగిన మన పింఛనుతో ఎవరికి వారే పోల్చి చూసుకోండి.

సర్వీసు రిజిష్టర్లు రాసిన అనుభవంతో కొన్ని సూచనలు చేస్తాను.

ఒకటి: ప్రైవేటు కంపెనీలు చెప్పే ఏడాది ప్యాకేజీలో కంపెనీ కట్టే పి.ఎఫ్., గ్రాట్యుటీ కూడా చాలాచోట్ల కలిసి ఉంటాయి. చేతికి వచ్చేదెంతో విడిగా అడగమనండి.

రెండు: నెలనెలా పింఛను రావాలంటే 10 సంవత్సరాల సర్వీసు కావాలి. కంపెనీ మారినప్పుడల్లా పింఛను సొమ్ము తీసేసుకుంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఖాతా బదిలీ చేయించుకోవాలి.

మూడు: పి.ఎఫ్.లో నామినీ పేరు ఉందో లేదో చూడమనండి. ఉద్యోగంలో ఉండగా జరగరానిది జరిగితే భార్యకు పింఛను, గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నాయి. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

నాలుగు: కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. వయసులో ఉండగానే సొంతంగా ఒకటి తీసుకోవడం మేలు.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. కష్టపడవద్దని నేను అనను. కష్టానికి కాగితం మీద ఏముందో చూసుకోమంటున్నాను. మన హక్కును మనకు ముందు వారు పోరాడి తెచ్చారు. పిల్లల హక్కు వారికి తెలియజెప్పడం మన వంతు.