చదివిన చదువు, ఎంచుకున్న వృత్తి: రాజా దీన్‌దయాళ్ జీవితం చెప్పే పాఠం

 

పట్టా చేతికి అందిన నాడు ప్రతి కుటుంబమూ ఒక లెక్క వేసుకుంటుంది. చదివిన చదువుకు తగిన ఉద్యోగంలో చేరాలి, చేరిన ఉద్యోగంలో పదవీ విరమణ దాకా నిలవాలి. ఈ ఆలోచనలో తప్పేమీ లేదు గాని, జీవితాలన్నీ ఆ బాటనే సాగవు. ఒక వృత్తిలో స్థిరపడినవారు దానిని విడిచి వేరొక విద్యను జీవనాధారంగా చేసుకుంటే, దానిని నిలకడలేనితనంగానో చదువు వృథా కావడంగానో భావించే అలవాటు తెలుగు సమాజంలో ఇప్పటికీ బలంగా ఉంది. ఆ భావన సరికాదని తెలుసుకోవడానికి హైదరాబాదు చరిత్రలో భాగమైన ఒక జీవితాన్ని పరిశీలిస్తే చాలు. ఇంజనీరింగులో శిక్షణ పొంది, ప్రభుత్వ కొలువు చేసి, ఆపై ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ జీవితమది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనలో జన్మించారు. నేడు ఐఐటీ రూర్కీగా ఉన్న నాటి థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లోని ప్రజాపనుల కార్యాలయంలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టబోయే నిర్మాణానికి ఎంత సామగ్రి, ఎంత కూలి, ఎంత వ్యయం అవసరమో ముందుగా లెక్కగట్టేవారు ఎస్టిమేటర్; ఆ నిర్మాణ రూపాన్ని కొలతల ప్రకారం కాగితంపై గీసేవారు డ్రాఫ్ట్స్‌మన్. ఆ కొలువులో ఉండగానే, 1874 ప్రాంతంలో, ఆయన కెమెరా చేతబట్టారు.

ఆ రోజుల్లో ఛాయాచిత్రం తీయడమంటే రసాయన శాస్త్రాన్ని ఆరుబయట ఆచరణలో పెట్టడమే. నాడు విస్తృతంగా వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. కొలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని గాజు పలకపై సమంగా పరచి, దానిని సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలోకి తీసుకుపోయి రూపం తేల్చవలసి వచ్చేది. ఇదంతా పది పదిహేను నిమిషాలలో ముగియకపోతే పలక ఆరిపోయి శ్రమంతా వ్యర్థమయ్యేది. అందువల్ల చిత్రకారుడు గాజు పలకలను, రసాయనాలను, నీటిని, గుడారాన్ని వెంట మోయించుకుంటూ ప్రయాణించక తప్పేది కాదు. ఇటువంటి పనిలో ఉత్సాహం ఒక్కటే సరిపోదు. ముందుచూపు, కొలత, క్రమశిక్షణ కావాలి. ఎస్టిమేటర్ కొలువు నిత్యం కోరేదీ ఈ గుణాలనే.

1882లో మధ్యభారతంలో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ లెపెల్ గ్రిఫిన్ తన పర్యటనకు దీన్‌దయాళ్‌ను వెంట తీసుకుపోయారు. గ్వాలియర్, ఖజురాహో వంటి చోట్ల ఆయన తీసిన చిత్రాలతో 1886లో ఒక గ్రంథం వెలువడింది. ఎత్తైన గోపురం మొత్తాన్నీ చిత్రంలో ఇమిడ్చేందుకు కెమెరాను పైకి వంచితే, నిలువు గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరపడి, కట్టడం వెనక్కి వాలినట్లు కనిపిస్తుంది. ఆ లోపం రాకుండా ఉండాలంటే గాజు పలకను నిటారుగా ఉంచి, లెన్సును మాత్రమే పైకి జరపాలి, లేదా కట్టడానికి తగినంత దూరంలో, తగినంత ఎత్తులో నిలబడే చోటు వెతుక్కోవాలి. కట్టడాల నిలువును, అడ్డును ఏళ్ల తరబడి కాగితంపై గీసిన చేతికి ఈ వివేకం వేరొకరు చెప్పవలసిన పని లేదు. వృత్తి మారినంత మాత్రాన పాత విద్య పోదనీ, అది కొత్త వృత్తికి పునాది అవుతుందనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

గమనించవలసిన మరొక విషయం ఆయన పాటించిన క్రమం. కెమెరా పట్టిన మరునాడే దీన్‌దయాళ్ కొలువు వదలలేదు. సుమారు పదేళ్లపాటు జీతం తీసుకుంటూనే సాధన చేసి, గిరాకీని, పేరును సంపాదించుకొని, దీర్ఘకాలిక సెలవు పెట్టి పరీక్షించుకున్న తరువాతే ప్రభుత్వ సేవ నుండి పూర్తిగా తప్పుకొన్నారు. 1886లో సికింద్రాబాదులో, 1896లో బొంబాయిలో ఆయన స్టూడియోలు వెలిశాయి. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. చుట్టూ ఉన్న సమాజానికి ఏమి అవసరమో కనిపెట్టి, ఆ అవసరానికి తగిన ఏర్పాటు చేయడం వృత్తి ధర్మంలో భాగమని ఈ ఒక్క ఉదాహరణ తెలియజేస్తుంది. దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. నిజాం కాలపు దర్బారులు, భవనాలు, మనుషులు ఎలా ఉండేవారో నేటి తరానికి తెలిసిందంటే అందులో ఆ పలకల పాత్ర ఎంతో ఉంది.

ఈ మార్గంలో దీన్‌దయాళ్ ఒంటరి కాదు. బ్రెజిల్‌కు చెందిన సెబాస్టియావో సల్గాడో ఆర్థికశాస్త్రం చదివి, లండన్‌లోని అంతర్జాతీయ కాఫీ సంస్థలో పనిచేస్తూ, 1973లో ఆ ఉద్యోగాన్ని విడిచి ఛాయాచిత్రకారుడయ్యారు. గనులలో, పొలాలలో, కర్మాగారాలలో శ్రమించే మనుషులను ఆయన చిత్రించిన తీరులో శ్రమ విలువను అధ్యయనం చేసిన ఆర్థికవేత్త దృష్టి కనిపిస్తుంది. సివిల్ ఇంజనీరుగా శిక్షణ పొందిన రఘు రాయ్ 1960ల నడుమ ఈ రంగంలోకి వచ్చి, 1984 భోపాల్ విషవాయు దుర్ఘటనను చిత్రించి, బాధితుల గోడును ప్రపంచం మరచిపోలేని విధంగా నమోదు చేశారు.

నేడు ఛాయాచిత్రకళను అభిరుచి స్థాయి నుండి వృత్తి స్థాయికి తీసుకుపోదలచినవారు తెలుసుకోవలసిన వ్యావహారిక సత్యాలు కొన్ని ఉన్నాయి. తెలుగు నేలపై ఈ వృత్తికి ప్రధాన ఆదాయం పెళ్లిళ్ల నుండే వస్తుంది. మూఢమో ఆషాఢమో వస్తే ముహూర్తాలతో పాటు ఆదాయమూ ఆగిపోతుంది కనుక, ఆ నెలలకు సరిపడా నిల్వ చేసుకోవడం, ఉత్పత్తుల చిత్రీకరణ, కట్టడాల చిత్రీకరణ వంటి ఇతర మార్గాలు చూసుకోవడం తప్పనిసరి. చట్ట పరిజ్ఞానమూ అంతే ముఖ్యం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, భిన్నమైన ఒప్పందం లేని పక్షంలో, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఛాయాచిత్రంపై తొలి హక్కు తీయించుకున్నవారిదే అవుతుంది. తన చిత్రాలపై హక్కు నిలుపుకోదలచిన ఛాయాచిత్రకారుడు పని మొదలుకాక ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రంపై కాపీరైట్ చిత్రకారుని జీవితకాలమే కాక, మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. అందువల్ల ఒక్క సంతకం విలువ మరుసటి తరం దాకా విస్తరిస్తుంది.

అభిరుచి ఉన్నవారు తమకు నచ్చినప్పుడు చిత్రం తీస్తారు. వృత్తిగా స్వీకరించినవారు ఒప్పుకొన్న రోజున, వెలుతురు సహకరించినా సహకరించకపోయినా, ఎదుటివారి నమ్మకాన్ని నిలబెట్టేలా తీయవలసి ఉంటుంది. కెమెరా ముందు నిలిచిన మనిషి గౌరవానికి భంగం కలగనీయకపోవడం, జరగనిదానిని జరిగినట్లు చూపకపోవడం ఆ నమ్మకంలోని అంశాలే. ఈ బాధ్యతను మోయగలిగినవారికే వృత్తి మార్పు సార్థకమవుతుంది.

స్నాతకులారా, విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఒక ఉద్యోగానికి కట్టిపడేసే పత్రం కాదు. ఏ రంగంలోకి వెళ్లినా వెంట వచ్చే ఆలోచనా క్రమానికి అది గుర్తింపు. కొందరు చదివిన రంగంలోనే నిలిచి రాణిస్తారు, కొందరు పదేళ్ల తరువాత మరో విద్యను వరిస్తారు. అలా మారదలచినవారు తొందరపడకుండా సాధన చేయాలి, లెక్క చూసుకోవాలి, చట్టాన్ని తెలుసుకోవాలి, నేర్చిన పాత విద్యను చులకన చేయకూడదు. వారి తల్లిదండ్రులు కూడా ఆ మార్పును ఓటమిగా కాక, సంపాదించిన జ్ఞానాన్ని కొత్త పనిలో వినియోగించడంగా గ్రహించి అండగా నిలవాలి. నేటి స్నాతకులందరూ ఏ వృత్తిని ఎంచుకున్నా అందులో నిజాయితీతో, నైపుణ్యంతో రాణించాలని ఆకాంక్ష.