పుటల మధ్య రంగుల కిటికీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రతి విద్యార్థికీ మన సంఘం ఒక ఇత్తడి బుక్‌మార్కు ఇస్తోంది. దీని గురించి నాలుగు మాటలు చెప్పే పని, ఇంజనీరునని నాకు అప్పగించారు.

మా రోజుల్లో పుస్తకంలో గుర్తుకు నెమలీక పెట్టేవాళ్లం. మేత పెడితే పిల్లలు పెడుతుందని నమ్మేవాళ్లం కూడా! రావి ఆకును నానబెట్టి, పచ్చదనం పోయి ఈనెల వల మిగిలాక దాచుకునేవాళ్లం. ఈ బుక్‌మార్కును వెలుగుకు ఎత్తి పట్టుకోండి. అలాంటి వలే కనిపిస్తుంది, సందుల్లో రంగులతో.

దీనికి మూలం చర్చి కిటికీల రంగుటద్దాలు. మన తెలుగునాట వాటిని చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లాలి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిలో క్రీస్తు ఆరోహణం కిటికీని 1927లో, జననం కిటికీని 1947లో, శిలువ కిటికీని 1958లో అమర్చారు. కరిగిన గాజులో లోహ సమ్మేళనాలు కలిపితే రంగు వస్తుంది. కోబాల్టు కలిపితే నీలం. ముక్కలను సీసపు పట్టీలతో కలుపుతారు. ఆ నల్లగీతలు బొమ్మకు రూపం ఇస్తాయి, అద్దాలను పట్టి ఉంచేవీ అవే.

మన బుక్‌మార్కుకు పలుచని రేకు మీద పూత వేసి, కాంతితో బొమ్మను దింపి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఉంచారు. పూత లేనిచోట ఇత్తడి కరిగిపోయింది. ఆ సందుల్లో రంగు రెజిన్ నింపారు. బొమ్మ మన కృష్ణమ్మ, పెనుమూడి–పులిగడ్డ వంతెన, ఒడ్డున తాటిచెట్లు. ఇందులో నియమం ఒక్కటే. ప్రతి గీతా మరో గీతను పట్టుకొని ఉండాలి. ఎక్కడ తెగినా ఆ ముక్క ఊడి తొట్టిలో పడుతుంది.

కమిటీలో ఒక మిత్రుడు అడిగాడు: "చదవడానికి పుస్తకం లేని పిల్లవాడికి బుక్‌మార్కు ఎందుకురా?" న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ కానుక ఒంటరిగా రావడం లేదు. ప్రతి శనివారం మనలో ఇద్దరు వంతులవారీగా వచ్చి, పిల్లలకు లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి, తిరిగి తీసుకోవాలని నా ప్రతిపాదన. మన బాపట్ల జిల్లాలోనే వేటపాలెంలో 1918లో యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ నిలిచి ఉంది. వాళ్లతో పోలిస్తే మనం తలపెట్టింది ఎంత? వారానికి ఒక పూట. మొదటి శనివారానికి నా పేరు రాసుకోండి. రెండో పేరు ఈ సభలోంచే రావాలి.

చిన్నారులూ, పుట మూల మడవకండి. కొత్త రేకును కొత్తగానే దాచుకోకండి. శనివారం నేను వచ్చినప్పుడు ఒక్కటే అడుగుతాను: మీ వంతెన ఏ పుట దాకా వచ్చింది?