అణా సెస్సు నుంచి 010 పద్దు దాకా

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని మనం పొరుగు జిల్లా పెద్దమనిషిగా తలుచుకోనక్కర్లేదు. ఆయన పుట్టింది కర్నూలులో. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలూ కర్నూలు జిల్లావే. చదువు జనానికి అందాలని జీవితమంతా తిరిగిన ఆయన పేరిట, ఆ చదువుకు డబ్బు ఎవరిచ్చారన్న కథ చెబుతాను. పలకల ఊరైన మార్కాపురంలో ఈ కథ చెప్పుకోవడం సబబే.

1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లో బడుల లెక్క అడిగాడు. అప్పుడు కంభం, మార్కాపురం కడప జిల్లాలో ఉండేవి. కడప కలెక్టరు 1825లో పంపిన జవాబు గమనించదగ్గది. బ్రాహ్మణ పిల్లలు ఇల్లు విడిచి పరాయి ఊళ్లకు వెళ్లి, అక్కడివాళ్లు పెట్టిన అన్నం తిని చదువుకునేవారట. అంటే అప్పటి విద్యాపన్ను ముద్ద రూపంలో వసూలయ్యేదన్నమాట! ఆ ముద్ద అన్ని కులాల పిల్లలకూ దొరికేది కాదన్నది వేరే చెప్పాలా?

బడి కోసం ఊరు డబ్బు వేసుకోవడమన్నది మన తెలుగు నేలమీద గోదావరి జిల్లాలో మొదలైంది. 1850లలో నరసాపురం వైపు సబ్ కలెక్టరు టైలరు రైతులను ఒప్పించి, శిస్తుతో పాటు కొంత అదనంగా తీసుకుని బడులు పెట్టించాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. చేతిలో నాలుగు గింజలు మిగిలే కాలం. ఆ పద్ధతికి 1863లో చట్టరూపం ఇచ్చారు గానీ, అది ఎక్కువ ఊళ్లకు పాకలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చింది. శిస్తు రూపాయికి అణా సెస్సు, బడుల కోసం ఇంటిపన్ను. సెస్సులో పెద్దవాటా రోడ్లకు పోయింది. ఇంటిపన్ను మీద జనం మండిపడితే సర్కారు వెనక్కి తగ్గింది. ఇంటిపన్ను మీద గొడవ ఈనాటిది కాదు.

అసలు చిక్కు ఆ సెస్సు లెక్కలోనే ఉంది. సెస్సును శిస్తు మీద కట్టేవారు. శిస్తు భూమిసారాన్ని బట్టి, నీటిని బట్టి ఉండేది. కాలువ కింద మాగాణి ఎకరం కట్టే శిస్తుకూ, మన మెట్ట ఎకరం కట్టే శిస్తుకూ పొంతన ఉండేది కాదు. కంభం చెరువు కింది ఆయకట్టు పక్కనపెడితే ఈ వైపు నేలంతా వాన మొగం చూసేదే. రేటు ఒకటే అయినా డెల్టా తాలూకాకు వచ్చినంత సెస్సు ఇక్కడ ఎలా వచ్చేది? బడి అవసరం మాత్రం పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది గానీ మాగాణి ఎకరాలను బట్టి కాదు కదా.

1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం ఈ తేడాను ఇంకాస్త పెంచిందని నా అభిప్రాయం. స్థానిక బోర్డులు ఉన్న పన్నుల మీద విద్యాపన్ను వేసుకోవచ్చన్నారు. వేసుకున్నవారికి సర్కారు తన వంతు జత చేసేది. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ ఎక్కువ పోగుచేసుకోగలిగిన చోటికే సర్కారు సొమ్మూ ఎక్కువ వెళ్లేది.

ఇది మనకే పరిమితమైన వింత కాదు. అమెరికాలో ఇప్పటికీ బడికి ఇంటిపన్నే పెద్ద ఆధారం. టెక్సాసులో స్థిరపడిన మన పిల్లలు ఇల్లు కొనేముందు ఏ స్కూల్ డిస్ట్రిక్టో చూసుకునేది అందుకే. ఆ రాష్ట్రంలోనే శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పేట వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు పన్ను వేసుకున్నా ఒక్కో విద్యార్థికి 26 డాలర్లే వచ్చాయి. అదే శాన్ ఆంటోనియో ప్రాంతంలోని ఆలమో హైట్స్ 85 సెంట్లు వేస్తే 333 డాలర్లు వచ్చాయి. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు కాదన్నారు, నలుగురు అవునన్నారు, తల్లిదండ్రులు ఓడారు.

మనం ఆ దారిలోనే ఉండిపోలేదు. 1934లో తాలూకా బోర్డులు పోయాయి. 1959లో సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. బడి బోర్డు మీద జడ్పీ పేరు మిగిలింది గానీ టీచరు జీతం క్రమంగా ట్రెజరీకి, సర్కారు నేరుగా జీతాలిచ్చే 010 పద్దుకు చేరింది. పెద్దదోర్నాల టీచరుకూ తెనాలి టీచరుకూ ఒకే స్కేలు. ఈ మెట్ట ప్రాంతానికి ఇంతకంటే మేలు చేసిన ఆర్థిక నిర్ణయం మరొకటి నాకు కనబడదు.

అయితే జీతం ఎవరిస్తే మాట వాళ్లదే. ఊరివాళ్లు బడి గురించి అడగడం మానేశారు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు పథకంలో మొదటి విడత 15,715 బడులు బాగుపడ్డాయి. ఆ డబ్బూ పైనుంచి వచ్చిందే. కేంద్రం ఆదాయపు పన్ను మీద వేసే నాలుగు శాతం ఆరోగ్య, విద్యా సెస్సులో రాష్ట్రాలకు పంపకం వాటా లేదు. ఇటు 2021 ఏప్రిల్ నుంచి పురపాలికల్లో ఇంటిపన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చారు; ఏటా పెంపు 15 శాతం మించదన్నారు. జనం వీధికెక్కింది పెంపు మీదే గానీ, అందులో బడికెంత అని అడిగిన గొంతులు తక్కువ.

గ్రంథాలయానికైనా ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు ఉంది. గ్రంథాలయోద్యమంలో పాటుపడిన గాడిచర్ల గారు కన్నుమూసిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. బడి భవనానికీ, నీళ్లకూ, మరుగుదొడ్లకూ, కాపలాకూ అలాంటి చిన్న సెస్సు ఉంటే తప్పులేదంటాను. జీతాలు మాత్రం 010 లోనే ఉండాలి. 1920 చట్టంలోని జత పద్ధతిని తిరగరాయాలి: ఒంగోలు రూపాయి వేస్తే సర్కారు రూపాయి, మార్కాపురం రూపాయి వేస్తే రెండు, పుల్లలచెరువు వేస్తే నాలుగు.