కెమెరా పట్టీ: మెడకా, భుజమునకా?

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో మాతృభాషను గురించియో, పిల్లల మార్కులను గురించియో మాటలాడుట వాడుక. నేను కెమెరా పట్టీని గురించి మాటలాడవచ్చితిని. పిల్లలు దీనినే బెల్టు అందురు. ఈ సంగతి విని మా యింటిలో నవ్విరి. మీలోను కొందరు నవ్వుచున్నారు. కార్యదర్శిగారు చెప్పిన కారణము వినకముందు నేనును నవ్వితిని. ఈ యేడు మన పిల్లలు కోలారమ్మ గుడికిని, అంతరగంగ కొండకును విహారయాత్ర పోయినప్పుడు ఎనమండుగురు ఇంటినుండి కెమెరాలు తెచ్చిరట. వారిలో అయిదుగురు ఒక్క ఫొటోయైన తీయలేదు. “మెడలోనుండి తీయవద్దు, ఎవరి చేతికి ఇయ్యవద్దు, పగిలెనా ఇంటికి రావద్దు” అని చెప్పి పంపితిరట. పాపము, ఆ పిల్లలు కెమెరాను హారమువలె ధరించి కొండ యెక్కి, హారమువలెనే ధరించి దిగివచ్చిరి.

మీ భయము నేనెరుగనిది కాదు. 1974లో నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మా తండ్రిగారు చిత్తూరు జిల్లానుండి గనిపనికి వచ్చినవారు. తోటివాని యొద్ద ఒక పాత కెమెరాను వాయిదాలమీద కొనిరి. ఒక రీలునకు 12 ఫొటోలు. రీలు కొనిన నెలలో ఇంటిలో మరియొక ఖర్చు తగ్గవలసినదే. ఒకనాడు నేను అంతరగంగ మెట్లు దిగుచుండగా ఆ కెమెరా తోలుపట్టీ పుటుక్కున తెగినది. కెమెరా నాలుగు మెట్లు దొర్లి మూత ఊడి పడినది. పట్టీ పైకి నల్లగా నిగనిగలాడుచుండెను. లోహపు వలయము తగిలినచోట మాత్రము చెమటకును ఎండకును తోలు చిట్లి, కాగితమంత పలుచనైయుండెను. అచ్చట నేనెన్నడును చూడలేదు. ఇంటికి పోగా మా తండ్రిగారు ముందు ఆ తెగిన పట్టీని చేతిలోనికి తీసికొని చూచి, “ఇది ఉన్నది గదాయని నీవు చేయి వదలితివి” అనిరి. అంతకుమించి ఏమియు ననలేదు. తిట్టియున్న బాగుండెడిది.

అయినను పట్టీ వలదని నేననను. అంతరగంగ మెట్లు దాటి గుహల వైపునకు పోయినవారికి తెలియును: అచ్చట బండలమధ్య దూరుటకు రెండు చేతులును కావలెను. చేతిలో కెమెరా పట్టుకొని ఒంటిచేత్తో బండ యెక్కు పిల్లవాడు కెమెరాకంటె ముందు తాను పడును. కోతులసంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చేతిలోని అరటిపండునకును కెమెరాకును వానికి భేదము లేదు. అట్టిచోట పట్టీ తప్పనిసరి.

పట్టీ చేయు మరియొక ఉపకారము చాలమంది యెరుగరు. వెలుతురు చాలని మండపములో, అనుమతియున్నప్పుడే సుమా, ఫొటో తీయవలెనన్న షట్టరు ఎక్కువసేపు తెరచియుండవలెను. సెకండులో ముప్పదవ వంతు అనిన మనకు కనురెప్పపాటుకన్న తక్కువయే గాని, ఆ మాత్రము కాలములో చేయి కదలిన ముఖములన్నియు అలుకుకొనిపోవును. పట్టీ మెడ వెనుక ఆనునట్లు వేసికొని, కెమెరాను మెల్లగా ముందునకు నెట్టి, పట్టీని బిగువుగా నిలిపిన చేతి వణకు చాలవరకు తగ్గును. 1929లో జర్మనీలో వెలువడిన రోలీఫ్లెక్సువంటి రెండు లెన్సుల కెమెరాలను బొడ్డుదగ్గర పట్టి పైనుండి చూచి తీయువారు, మెడపట్టీని ఇట్లే క్రిందికి లాగి బిగబట్టెడివారు. పట్టీ యనగా మోయుటకు మాత్రమే కాదని వారిని చూచి నేర్చుకొంటిని.

ఇక కీడు సంగతి. మన సభలో బెమెల్ కార్ఖానాలో పనిచేసినవారును, చేయుచున్నవారును పలువురున్నారు. తిరుగు యంత్రము దగ్గరకు పోవునప్పుడు కండువా, తాయెత్తు, వదులు చొక్కా ఏదియు వ్రేలాడకూడదని వారికి నేను నేర్పనక్కరలేదు. నా కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదను. ఆ కార్ఖానా పేరు ఇచ్చట అవసరము లేదు. ఆయుధపూజనాడు ఫొటో తీయుటకు ఒక యువకుడు వచ్చెను. ఫొటోలో కదలిక కనబడవలెనని ఎవరో ఒక లేతును నడిపించిరి. అతడు వంగి చూచుచుండగా మెడలోని పొడుగు పట్టీ జారి, తిరుగుచున్న చక్కునకు జానెడు దూరమున ఊగుచుండెను. మేస్త్రి అరవలేదు. అరచిన అతడు ఉలికిపడి ముందునకు వంగెడివాడు. మేస్త్రి చల్లగా పోయి స్విచ్చి ఆపి, తరువాత అతని వీపుమీద ఒక్కటి చరచెను. ఆ ఫొటోగ్రాఫరు అప్పటికిని కెమెరా భద్రముగనే ఉన్నదనుకొనుచుండెను. నిజమే, కెమెరాకు ఆపద లేదు. దానిని మోయువానికే కలిగెడిది.

చిన్నపిల్లల విషయమున యంత్రముకూడ అక్కరలేదు. జారుడుబల్ల చివర, బస్సు తలుపు పిడి, కిటికీ కొక్కెము, ఆటలో తోటివాడు లాగిన లాగుడు చాలును. మెడచుట్టు గట్టి ఉచ్చువలె నుండునది ఏదైనను పదేండ్లలోపు పిల్లలకు వేయకుడు. వారికి కెమెరా నిచ్చినచో మణికట్టునకు తగిలించు చిన్నపట్టీ చాలును. ఈమధ్య ఫోనును మెడలో వ్రేలాడదీసికొను తాళ్ళు వచ్చినవి. వానికిని ఇదే మాట. సందర్భము వచ్చినది గనుక చెప్పుచున్నాను: గుర్తింపుకార్డు తాడునకు గట్టిగా లాగిన తనంత ఊడిపోవు బిళ్ళ ఉండవలెను. రేపు ఉదయము మీ పిల్లవాని తాడును ఒకమారు లాగి చూడుడు.

చిన్న చిక్కులు మరికొన్ని యున్నవి. సైనైడు దిబ్బలవైపు గాలివీచునప్పుడు కెమెరాను మూడుకాళ్ళ స్టాండుపై నిలిపి పట్టీ వదలివేసిన, అది జెండావలె కొట్టుకొని కెమెరానే వణకించును. అప్పుడు దానిని ఊడదీయవలెను, లేదా స్టాండు కాలికి చుట్టవలెను. ఆ దిబ్బల సన్ననిపొడి పట్టీ నేతలోనికి దూరి, ఇంటికివచ్చి, లెన్సుమీదికి చేరును. అందువలన పట్టీని గూడ ఉతుకవలెను. తయారీదారు పేరు పెద్దయక్షరములతో నున్న పట్టీని జాతరలో ధరించుట దొంగకు చీటీ వ్రాసి యిచ్చినట్లే. నేను దానిని వెనుకకు త్రిప్పి వేసికొందును. మా అల్లునికి ఇది నచ్చదు. ఆ పేరు కనబడుటకే ఆయన ఆ కెమెరా కొనెనని నా యనుమానము.

మరి ఎట్లు వేసికొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము మన గనులలోనే యుండినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు పోయినది. గనులలో టోపీదీపముతో దిగువారు దాని బరువైన బ్యాటరీని మెడకు వ్రేలాడదీసికొనలేదు. నడుము బెల్టునకు తగిలించుకొని, తీగను వీపుమీదుగా టోపీకి తెచ్చుకొనిరి. బరువు నడుముపై, చేతులు ఖాళీ, ముందువైపు ఏమియు ఊగదు. కెమెరాకును ఇదే తగును. పట్టీని జందెమువలె ఒక భుజముమీదుగా ఏటవాలుగా వేసి, కెమెరా నడుము ప్రక్కకు వచ్చునట్లు కురుచచేసికొనవలెను. మెట్లు ఎక్కునప్పుడు దానిని వీపువైపునకు నెట్టవలెను. ఫొటో తీయునప్పుడు ముందుకు త్రిప్పుకొనవలెను. వట్టి భుజముమీద వేసికొనిన, వంగినంతనే జారును. మెడలో వేసికొనిన, వంగినంతనే ముందరి బండకు తగులును. యంత్రశాలకు పోయినచో పట్టీని పూర్తిగా ఊడదీసి రెండుచేతులతో పట్టుకొనవలెను.

యాత్రకు ముందురోజు రాత్రి వలయమును వ్రేలితో త్రిప్పిచూడుడు, అరిగినచో మార్పించుడు. బకిల్‌నుండి వచ్చిన పట్టీ కొస రెండంగుళములైన మిగిలి, మడిచి లోపలికి దూర్చియుండవలెను. తెగినచోట ముడివేసి సరిపెట్టకుడు. అటుపిమ్మట పరుపుమీద, నేలమీద కాదు, కెమెరాను పట్టీతో ఎత్తి గట్టిగా లాగి చూడుడు. అయిదు నిమిషముల పని.

నేనింత చెప్పుట ఎందుకనగా, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత పుట్టిన పిల్లలు మన బడిలో చదువుచున్నారు. చాంపియన్ రీఫ్‌లో, ఊరిగాములో, మారికుప్పములో బావిపైని ఇనుప గోపురములు తుప్పుపట్టుచున్నవి. మా తండ్రిగారు పనిచేసిన చోటు ఫొటో మా యింటిలో ఒక్కటియు లేదు. ఉన్నదంతయు స్టూడియోలో తెరముందు తీయించుకొనిన పెండ్లిఫొటో. ఆ తెరపై కొండలును హంసలునుండెను గాని గని లేదు. నేను కెమెరా పగులగొట్టిన పిదప మా యింటికి పదునాలుగేండ్లు మరియొక కెమెరా రాలేదు. ఆ పదునాలుగేండ్లును మా తండ్రిగారు గనిలోనికి దిగుచునేయుండిరి.

వచ్చేనెలలో తొమ్మిదవ తరగతివారు తమ తాతలను, వారు నివసించిన లైన్లను ఫొటోలు తీయుదురని ప్రధానోపాధ్యాయులవారు చెప్పిరి. బయట వరండాలోని బల్లమీద రకరకముల పట్టీలు నాలుగు ఉంచితిని. కెమెరాలు వెంట తెచ్చినవారు అక్కడికి రండు. వలయములు నేను చూచెదను. చిన్న స్క్రూడ్రైవరు కూడ తెచ్చితిని.