పొన్నంగి పిట్ట



'పిట్ట' యన్నది తెలుగున మిగుల చిన్న మాట. ఏ చిన్న పక్షినైనను తెలుగువారు పిట్ట యనియే పిలుతురు. అట్టి మాట 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు వియెయో చేతిలో ఒక పక్షి ప్రజాతికి శాస్త్రనామమయ్యెను. ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వరకు గల ఆ కుటుంబపు పక్షులన్నిటికిని నేడు అదే వ్యవహారము.

వానిలో భారతదేశమునకు చెందినది పొన్నంగి పిట్ట. 1766లో లిన్నేయసు దీనిని కాకులతో చేర్చి, 'పొట్టితోక కాకి' యను అర్థమిచ్చు పేరు పెట్టెను. కాకితో దీనికి చుట్టరికము లేదు. తోక మాత్రము నిజముగనే పొట్టిది. పక్షి పొడవు దాదాపు 19 సెంటీమీటర్లు. వీపు ఆకుపచ్చన, రెక్కలపై మెరయు నీలము, గొంతు తెలుపు, కన్నుల మీదుగా నల్లని పట్టె, తోకక్రింద కుంకుమ వన్నె. హిందీవారు దీనిని 'నవరంగ' యందురు.

ఇన్ని రంగులు ధరించియు ఇది కొమ్మచివర కూర్చుండి కనులపండువు చేయదు. పొదల నీడలో గెంతుచు, రాలిన ఆకులను ముక్కుతో తిరుగవేసి, పురుగులను, వానపాములను ఏరి తినును. రాత్రి మాత్రము చెట్టుపై నిద్రించును. దీనిని చూచుటకన్న వినుట సులభము. ఉదయ సాయంసంధ్యలలో తల వెనుకకు వాల్చి రెండు స్వరముల ఈల వేయును. అందువలననే తమిళులు 'ఆరుమణి కురువి', అనగా ఆరుగంటల పిట్ట, అనిరి. నెమలి తన వన్నెల వస్త్రమును అపహరించెనని ఇది నేటికిని మొరపెట్టుచున్నదని సింహళమున ఒక కథ కలదు.

నైరృతి ఋతుపవనముల కాలమున హిమాలయపు అడుగుకొండలలోను, మధ్యభారతపు అడవులలోను, పడమటి కనుమలలోను ఇది పిల్లలను పెట్టును. నేలమీదనో, తక్కువ ఎత్తు కొమ్మమీదనో ఎండుటాకులతో, గడ్డితో బంతివంటి గూడు కట్టును, ద్వారము ప్రక్కనుండును. నాలుగైదు తెల్లని గ్రుడ్లు, వానిపై ఊదా చుక్కలు. చలికాలమునకు దక్షిణ భారతమునకును సింహళమునకును వలసపోవును. ఆ రాకపోకలలో తెలుగు సీమను దాటునపుడు, అలసిన పక్షులు ఊళ్ళ తోటలలో, ఒక్కొక్కప్పుడు ఇండ్లలో సైతము వ్రాలుట కలదు.

దీనికి తిండి దొరకు చోటును, గూటి సామగ్రియు రాలిన ఆకులే. వానిని ఊడ్చి తగులబెట్టుటయే శుభ్రతయని పలువురు తలతురు. ఆ మంటలో కాలునది ఆకు మాత్రమే కాదు. దానిక్రింది పురుగు, ఆ పురుగుపై బ్రతుకు పక్షి విడిదియు కాలును. తోటలో ఒక మూల పొదలను, ఆకులను కదపక విడుచుట ఏ గ్రామమునకును వ్యయము కాదు. అలసి వ్రాలిన పిట్టను పిల్లులకును, పిల్లల రాళ్ళకును దూరముగ నీడలో నుండనిచ్చిన, అది తేరుకొని తన త్రోవన తాను పోగలదు. దీనిని పట్టుట, చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

తెలుగు మాట ప్రపంచ శాస్త్రగ్రంథములలో స్థిరపడినది. పక్షికి ఆ స్థిరత్వము లేదు. పేరు పుస్తకములో మిగిలి, పిట్ట తోటలో లేని దినము రాకుండ చూచుట ఆ మాటనిచ్చిన వారికి తగిన పని.